ప్రాణమునందలి లోహము

చెఱకు నఱకు దినములలో మా చోడవరపు సీమయందు ఏ త్రోవను నడచినను బెల్లపు పాకము వాసన ఎదురు వచ్చును. గట్టుమీద గానుగ, గానుగ చెంత పొయ్యి, పొయ్యిపై వెడల్పైన ఇనుప పెనము. తీసిన రసమును రైతు ఎక్కువసేపు నిలువ యుంచడు. నిలిచిన రసము పులియునని అతనికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ఇనుము జడ పదార్థమనియు, పులియుట ఏదో సూక్ష్మజీవుల చేష్ట యనియు, ఈ రెంటికిని పొత్తు లేదనియు మనము సామాన్యముగా తలంతుము. మా తరగతిలో ఒక బాలుడు, "అయ్యా, లోహము మనకు వంటపాత్రయే గాని వంట యెట్లగును?" అని అడిగెను. పిల్లవాని ప్రశ్నయని త్రోసివేయదగినది కాదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఐరోపా పండితులకు సుమారు రెండు శతాబ్దములు పట్టినది. ఆ సమాధానములో ఒక తెలుగువాని పాలు గలదు. అంతేకాదు, రానున్న కాలమున మన సముద్రతీరమున జరుగబోవు ఒక మహాకార్యమునకు ఆ సమాధానముతో సంబంధము గలదు. కావున ఆ చరిత్రమును చదువరులకు కొంత విన్నవింపదలచితిమి.

ముందుగా మన యింటి సంగతి. లోహమునకును దేహమునకును సంబంధము లేదని మన పూర్వులు తలంపలేదు. పాండురోగమునకు లోహభస్మమును, మండూరమును రసశాస్త్ర గ్రంథములు విధించినవి. తెలంగాణమునందలి కోనసముద్రపు ఉక్కు పడమటి దేశములలో కత్తులుగా మెఱసెను. రాజస్థానములోని జావరు గనులయొద్ద మనవారు యశదమును ఆవిరిగా మార్చి పట్టు విద్య నేర్చిరి. ఈ విషయములను ప్రఫుల్లచంద్ర రాయ్ గారు 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్రమునందు శ్రద్ధతో కూర్చిరి. అయితే ఆ గ్రంథమును పొగడువారు తఱచుగా దానిలోని ఒక చేదు మాటను దాటివేయుదురు. మన దేశమున శాస్త్రబుద్ధి క్షీణించుటకు గల కారణములలో ఒకటి కులవిభాగమని రాయ్ గారు స్పష్టముగా తెలిపిరి. చేతిపని ఒక తెగకును, ఆలోచన వేఱొక తెగకును పంచి యిచ్చితిమి. కొలిమియొద్ద నిలిచినవానికి అక్షరము లేదు. అక్షరము గలవాడు కొలిమిని తాకడు. ఇట్లు ఏల జరుగుచున్నదని అడుగువాడు కఱవైనాడు. లోహము దేహమునకు మేలు చేయునని మన వైద్యులు ఎఱుగుదురు. ఎట్లు చేయునో వెదకుటకు మాత్రము మన సంఘము వారికి చోటీయలేదు. ఎంజైములును, హైడ్రొజను యంత్రములును మన వేదములలోనే యున్నవని చెప్పుకొని తృప్తి పడువారితో మేము ఏకీభవింపజాలము. ఉన్నదానిని ఉన్నంతగా చెప్పుకొనుటయే పూర్వులకు మనము చూపదగిన గౌరవము.

ఇక ప్రశ్నకు వత్తము. నెత్తురును కాల్చి, ఆ బూడిదయందు ఇనుమున్నదని 18వ శతాబ్దమున ఫ్రాన్సు, ఇటలీ దేశముల పరీక్షకులు కనుగొనిరి. ఆ శతాబ్దము చివరి భాగమున లవాయిజే యను ఫ్రెంచి పండితుడు, మనము ఊపిరి పీల్చుట కూడ ఒక మందమైన మంటయే యని నిరూపించెను. అయితే పొయ్యిలోని కట్టె మండుటకు ఎంతో వేడిమి కావలెను; మన దేహములోని అన్నము అంత తక్కువ వెచ్చదనముననే ఎట్లు మండుచున్నది? 1823లో డోబరైనరు అను జర్మను రసాయనికుడు ఒక వింత చూపెను. ప్లాటినమను లోహపు పొడిమీదికి హైడ్రొజను వాయువును వదలగా, నిప్పు చూపకయే అది భగ్గున మండెను. ప్లాటినము మాత్రము తరుగలేదు. ఇట్లు తాను వ్యయము కాక ఇతర పదార్థముల కలయికను త్వరపఱచు వస్తువునకు ఉత్ప్రేరకమని పేరు. 1835లో బెర్జీలియసు ఈ భావమును స్థిరపఱచి నామకరణము చేసెను. మన పల్లెలలో పెండ్లిళ్ల పేరయ్య యను వాడు రెండిండ్లవారిని కలిపి, తాను ఎవ్వరి యింటను నిలువక మూడవ యింటికి పోవును గదా, ఉత్ప్రేరకము పనియు అట్టిదే.

జీవులయందును ఇట్టి పేరయ్యలున్నారని క్రమముగా తెలిసినది. 1833లో మొలకెత్తిన యవలనుండి పిండిని చక్కెరగా మార్చు ఒక పదార్థమును పయాన్, పెర్సో అను ఇరువురు వేఱు చేసిరి. ఇట్టి పదార్థములకు తరువాత ఎంజైములను పేరు వచ్చినది. కాని రసము పులియుటకు జీవము గల కణమే అవసరమా, లేక కణమునుండి పిండిన సారము చాలునా యను వివాదము చిరకాలము సాగెను. 1897లో ఎడ్వర్డు బుక్నరు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, ఒక్క కణమైనను మిగులని సారముతోనే చక్కెరను పులియబెట్టి ఆ వివాదమును తీర్చెను. ఇందులకు అతనికి 1907లో నోబెలు బహుమానము వచ్చెను. ప్రాణము చేయు పనిని ప్రాణము లేని సారము చేయగలదని తెలిసినపుడు, ప్రాణమును గూర్చిన పాత భావములు ఎన్నో సడలినవి.

ఆ కాలముననే పారిసులో గాబ్రియేలు బెర్ట్రాన్ అను నాతడు లక్కచెట్టు పాలను పరీక్షించుచుండెను. తెల్లని ఆ పాలు గాలి తగిలిన నల్లని మెఱుగగును; దానిని చేయు ఎంజైమునకు లక్కేసు అని పేరిడెను. దాని బూడిదలో మాంగనీసు కనబడగా, ఆ లోహమే దాని బలమని చాటెను. ఇది పొరపాటు. 1939లో కేంబ్రిడ్జియందు కీలిన్, మాన్ అను వారు లక్కేసునందున్నది మాంగనీసు కాదు, రాగి యని తేల్చిరి. కాని, ఎంజైము పనికి లోహము ప్రాణాధారము కావచ్చునన్న బెర్ట్రాన్ మూలభావము సత్యమే. లోహము పేరు తప్పినాడు. లోహమున్నదను మాట తప్పలేదు. శాస్త్రచరిత్రమునందు ఇట్టి పొరపాట్లు సిగ్గుపడదగినవి కావు. దిద్దుకొనని పొరపాట్లే సిగ్గుపడదగినవి.

ఇంతకన్నను విచిత్రమైన కథ సమ్నరుది. ఈ అమెరికా ఉపాధ్యాయుడు ఎడమచేతివాటము గలవాడు. పదునేడవ యేట వేటలో గుండు తగిలి ఆ యెడమచేయియే పోయెను. ఒంటిచేతితో రసాయనశాల పని సాగదని కొందఱు వారించినను వినలేదు. ఒక జాతి చిక్కుడు గింజల పిండినుండి, యూరియాను విఱుగగొట్టు యూరియేసను ఎంజైమును 1926లో స్ఫటికములుగా తీసి, ఎంజైములు మాంసకృత్తులే యని ప్రకటించెను. జర్మనీలోని ప్రముఖులు నమ్మలేదు. ఇరువది యేండ్లకు, 1946లో, నోబెలు బహుమానము అతని చేతికి వచ్చెను. అతడు 1955లో మరణించెను. ఆ తరువాత మఱి ఇరువది యేండ్లకు, 1975లో, ఆస్ట్రేలియా పండితులు ఆ యూరియేసునే మరల పరీక్షించి దానియందు నికెలు లోహము గలదని కనుగొనిరి! సమ్నరు తన జీవితమంతయు చేతబట్టిన స్ఫటికములలో లోహమున్నదని అతనికి తెలియనే లేదు. మా గానుగ రసము పులిసి సారాయముగా మాఱు తుదిమెట్టును నడపు ఈస్టు ఎంజైమునందు యశదము గలదని 1955లో గాని తెలియలేదు. పులియుటకును లోహమునకును పొత్తు లేదనుకొన్న మన తలంపు ఎంత తప్పో దీనివలన స్పష్టము.

ఇచ్చట మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపవలసి యున్నది. 1895 జనవరి 12న భీమవరమున పుట్టిన ఈయన మదరాసు వైద్యకళాశాలలో చదివి, ఖద్దరు ధరించిన కారణమున ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పెద్ద పట్టమునకు మాఱుగా చిన్న పట్టముతో వెలువడెను. స్ప్రూ యను గ్రహణి వ్యాధి ఆయన సోదరులను బలిగొని, ఆయనను కూడ పీడించెను. ఆచంట లక్ష్మీపతిగారి వైద్యముతో కోలుకొని, మదరాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము పాఠము చెప్పెను. 1923లో బోస్టను నగరము చేరి, కష్టములు పడి హార్వర్డు విద్యాలయమున సైరసు ఫిస్కేతో కలిసి పనిచేసెను. నెత్తురునందలి భాస్వరమును కొలుచుటకు వీరిరువురు 1925లో ప్రకటించిన పద్ధతి లోకమంతట రసాయనశాలలలో ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా వాడుకలోనికి వచ్చెను. ఆ పద్ధతిలో భాస్వరమును పట్టియిచ్చునది మాలిబ్డెనమను లోహము. దాని కలయికవలన పుట్టు నీలివర్ణపు గాఢతయే భాస్వరపు కొలత. ఈ కొలబద్ద చేతబట్టి వారు కండరములలో వెదకి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని వేఱుగా కనుగొనెను. మనము తిన్న అన్నములోని శక్తి ప్రతి కణమునందును వ్యయమగునది ముఖ్యముగా ఈ రూపముననే. ఈ నాణెము కూడ కణములో సాధారణముగా ఒంటరిగా తిరుగదు. మెగ్నీషియమను లోహమును వెంటబెట్టుకొనియే ఎంజైములయొద్దకు పోవును.

సుబ్బారావుగారి కథలో మఱియొక ఘట్టము మా మనస్సును కలచుచుండును. 1926లో మైనటు, మర్ఫీ అను వైద్యులు కాలేయము తినిపించి ఘోరమైన పాండురోగమును కుదిర్చిరి. కాలేయములోని ఆ మందు ఏదియో వేఱుచేయవలెనని సుబ్బారావుగారు హార్వర్డులో సంవత్సరముల తరబడి పాటుపడిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు పోయిన పిమ్మటను ఆ వెదకులాట వదలలేదు. ఆ త్రోవలో ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా చేయుట ఆయన బృందమునకు సాధ్యమైనది. స్ప్రూ వ్యాధికి అది మందైనది. కాని కాలేయములోని అసలు పదార్థము, ఎఱ్ఱని స్ఫటికముల రూపమున, 1948లో వేఱువారి చేతులలో బయటపడినది. దానికి బి-12 అని పేరు. దాని నడుమ కోబాల్టు లోహపు పరమాణువొకటి గలదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు ఏబదిమూడేండ్ల వయస్సున కన్నుమూసిరి. ఆ పదార్థపు పూర్ణరూపమును డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణి 1956 నాటికి ఎక్స్-కిరణములతో తేల్చి, 1964లో నోబెలు బహుమానము పొందెను. తాను వెదకినది పరుల చేత చిక్కినను సుబ్బారావుగారి శ్రమ వ్యర్థము కాలేదు. ఆయన వేసిన త్రోవలనే ఎందఱో నడచిరి.

ఇక శక్తి సంగతి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రొజనును ఆమ్లజనిని తీయవచ్చునని 1800లో నికల్సను, కార్లయిలు చూపిరి. 1839లో గ్రోవు అను నాతడు ఆ రెండు వాయువులను ప్లాటినము రేకులయొద్ద మరల కలిపి విద్యుత్తును పుట్టించెను. 1923లో కేంబ్రిడ్జి నగరమున జె.బి.ఎస్. హాల్డేను చేసిన ఒక ఉపన్యాసములో, బొగ్గు తరిగిపోవు కాలము వచ్చుననియు, అప్పుడు గాలిమరల విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రొజనును దాచుకొని వాడుకొనవలసి వచ్చుననియు చెప్పెను. ఈ హాల్డేను తరువాత మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, మన పొరుగున నున్న భువనేశ్వరమున 1964లో దేహము చాలించెను. ఇది మన కళింగసీమవారు జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

హాల్డేను పనిచేసిన ఆ జీవరసాయనశాలలోనే మార్జొరీ స్టీఫెన్‌సన్ అను స్త్రీ ఉండెను. ఒక బీటుదుంప చక్కెర కర్మాగారపు మురికినీటితో చెడిన ఊజ్ నదియందలి సూక్ష్మజీవులను ఆమె పరీక్షించుచుండెను. 1931లో ఆమెయు స్టిక్‌లండును, కొన్ని సూక్ష్మజీవులు హైడ్రొజనును ఆహారమువలె వాడుకొనుటకు సాయపడు ఎంజైమును కనుగొని, హైడ్రొజనేసు అని పేరిడిరి. అనగా, గ్రోవునకు ప్లాటినముతో గాని సాధ్యము కాని పనిని బురదలోని కంటికి కనబడని ప్రాణి ఏనాటినుండియో చేయుచున్నది. స్త్రీలకు సభ్యత్వమీయని రాయల్ సొసైటీ తన ద్వారములు 1945లో తెఱచినపుడు, ముందుగా లోనికి పోయిన ఇరువురు స్త్రీలలో ఈమె యొకతె. చక్కెర మిల్లు కాలువ ప్రక్కన ముక్కు మూసుకొని పోవు మనము, అదే మురికియందు ఒక విద్య దాగియున్నదని తలంచితిమా?

ఆ విద్య రహస్యము తెలియుటకు మఱి అఱువది సంవత్సరములు పట్టెను. 1995లో ఫ్రాన్సు పండితులు ఒక హైడ్రొజనేసు రూపమును తేల్చగా, దాని నడుమ నికెలు, ఇనుము జంటగా నుండెను. 1998లో అమెరికాలో వేఱొక హైడ్రొజనేసు రూపము తేలగా, దానియందు ఇనుము, ఇనుము జంటగా నుండెను. ప్లాటినము ఊసు లేదు. అంతకన్న ఆశ్చర్యమేమనగా, ఆ ఇనుమునకు కార్బన్ మొనాక్సైడు, సయనైడు అను రెండు విషములు అంటుకొని యున్నవి. ఈ విషములు మన దేహమున ప్రవేశించినచో, ఒకటి నెత్తురునందలి ఇనుమును, రెండవది ఊపిరి ఎంజైమునందలి ఇనుమును పట్టుకొని ప్రాణము తీయును. సూక్ష్మజీవి ఆ విషములనే తగుచోట తగునంత నిలిపి, సామాన్యపు ఇనుముచేత అసామాన్యమైన పని చేయించుచున్నది. అదే ఇనుమును ఆ మాంసకృత్తునుండి తీసి బయట పడవేసిన, అది తుప్పు పట్టును గాని హైడ్రొజనును తాకదు.

ఇట్టివే మఱి రెండు. మన రైతులు వరికి ముందు జనుమును, పిల్లిపెసరను చల్లి దున్నివేయుదురు. వాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చును. ఆ పనిచేయు నైట్రొజనేసునందు ఇనుమును, సాధారణముగా సుబ్బారావుగారి కొలబద్దయైన ఆ మాలిబ్డెనమును గలవు. ఆ పనినే 1913లో జర్మనీయందు హేబరు, బోషుల పద్ధతిచే కర్మాగారములో మొదలుపెట్టినపుడు సుమారు 200 వాతావరణముల ఒత్తిడియు, వందల డిగ్రీల వేడిమియు కావలసి వచ్చెను; జనుము వేరు మా పొలపు చల్లని మట్టిలోనే చేయుచున్నది. రెండవది చెఱకు ఆకు. ఎండతో నీటిని విడగొట్టి మనకు ప్రాణవాయువు నిచ్చు యంత్రము ప్రతి పచ్చని ఆకునందును గలదు. 2011లో జపాను పండితులు దాని రూపమును సూక్ష్మముగా తేల్చగా, నాలుగు మాంగనీసు, ఒక కాల్షియము, ఐదు ఆమ్లజని పరమాణువులు వంకర కుర్చీవలె అమరి యుండెను. లోకములోని గాలిని ఊపిరికి తగినదిగా నిలిపినది ఈ పది పరమాణువుల గుంపు.

దీనినంతయు ఏల చెప్పుచున్నామనగా, మనుష్యుడు నీటిని విడగొట్టుటకు వాడు యంత్రములలో ఒక ముఖ్యజాతికి ప్లాటినము, ఇరిడియము కావలెను. ఇరిడియము లోకమంతట ఏడాదికి ఏడెనిమిది టన్నులకన్న ఎక్కువ దొరకదు. నికెలుతో నడచు పాత జాతి యంత్రములు చవుకయే గాని, ఎండతోను గాలితోను క్షణక్షణము మాఱు విద్యుత్తును అవి అంత సులభముగా అందుకొనలేవు. కావుననే అనేక దేశముల రసాయనికులు ఎంజైములను గురువులుగా పెట్టుకొని, చవుక లోహములతో ఉత్ప్రేరకములను కట్టజూచుచున్నారు. 2011లో అమెరికాలో నికెలుతో కట్టిన ఒక అణువు, సెకనుకు లక్షకు పైగా హైడ్రొజను అణువులను పుట్టించి, వేగమున ఎంజైమునే మించెను. కాని అందుకొఱకు విద్యుత్తును ఎంతో వృథా చేసెను. ఎంజైము వృథా చేయదు గాని, చాల హైడ్రొజనేసులు గాలిలోని ఆమ్లజని తగిలిన చెడిపోవును. ఒకదానికి పొదుపు, ఒకదానికి వేగము. రెండును గల దృఢమైన ఉత్ప్రేరకమును కట్టుట ఇంకను జరుగవలసిన పని. చేతులు ఖాళీగానున్నవారికి పని గలదని దీని అర్థము.

ఇది దూరదేశముల ముచ్చట కాదు. 2023 జనవరిలో మన కేంద్రప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రొజను ఉద్యమమును మంజూరు చేసి, 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నులు చేయవలెనని లక్ష్యము పెట్టుకొనెను. 2025 జనవరి 8న ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు విశాఖపట్టణమున, పూడిమడకయొద్ద కట్టబోవు హరిత హైడ్రొజను కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. పూడిమడక మత్స్యకారుల గ్రామము. 2022 ఏప్రిలున విశాఖ జిల్లానుండి వేఱైన అనకాపల్లి జిల్లాలో మా చోడవరమును, ఆ గ్రామమును ఒక్క గొడుగు క్రిందనే యున్నవి. పెట్టుబడి 1,85,000 కోట్ల రూపాయలనియు, దినమునకు 1,500 టన్నుల హైడ్రొజనును, దానినుండి పుట్టు ఇతర పదార్థములు 7,500 టన్నులును చేయుదురనియు, ముఖ్యముగా విదేశములకు పంపుట కొఱకనియు ప్రకటించిరి.

బడిపంతులకు గుణకారము వదలదు గావున లెక్క వేసి చూచితిమి. ఒక కిలో హైడ్రొజనునకు తొమ్మిది కిలోల నీరు విడగొట్టవలెను. సుమారు 50 యూనిట్ల విద్యుత్తు కావలెను. 1,500 టన్నులకు దినమున ఏడున్నర కోట్ల యూనిట్లు, ఒక కోటి ముప్పదియైదు లక్షల లీటర్ల నీరు. నీటిని శుద్ధి చేయుటలో పోవునది, యంత్రములను చల్లబఱచుటకు కావలసినది వేఱు. ఇందులో ఉత్ప్రేరకము నేర్పు వలన కిలోకు ఐదు యూనిట్లు మిగిలినను, దినమునకు 75 లక్షల యూనిట్లు మిగులును. ఒక లోహపు పరమాణువు చుట్టు ఏమి అమర్చవలెనను ప్రశ్నకు ఎంత విలువయో దీనివలన తెలియును. సముద్రమును నమ్ముకొన్న పల్లెవారికి ఆ నీరు ఎచ్చటినుండి తెత్తురో, మిగిలిన ఉప్పునీటిని ఎచ్చట విడుతురో ముందుగా తెలుపవలెను. అది దయ కాదు, న్యాయము. హరితమను విశేషణము వాయువునకు మాత్రమే చాలదు. దానిని చేయు విధమునకును చెల్లవలెను.

కాని మేము అన్నిటికన్న ఎక్కువగా భయపడునది వేఱొకటి. ఆ యంత్రశాల ద్వారమునొద్ద మా పిల్లలు ఏ పనికి నిలుతురు? కావలి కాయుటకా, మూటలు మోయుటకా, లేక ఆ ఉత్ప్రేరకమును తూచి పరీక్షించుటకా? రాయ్ గారు చెప్పిన ఆ పాత గోడ, చేతికిని తలకును నడుమ కట్టిన గోడ, మన బడులలో ఇంకను నిలిచియే యున్నది. రసాయనశాస్త్రమును పుస్తకమునుండి కంఠస్థము చేయించుదుము. పరీక్షనాళిక తాళము వేసిన బీరువాలో నుండును. తెలుగులో చెప్పిన గౌరవము తక్కువనియు, ఆంగ్లములో అర్థము కాకున్నను గొప్పదనియు తలంతుము. సంస్కృతమును ఆంగ్లమును చదివిన మేము ఈ రెండు భాషలకును ఋణపడి యున్నాము. అయినను, బాలుడు మొదట ప్రశ్న అడుగునది తల్లి భాషలోనే. లోహము వంట యెట్లగునని మమ్ము అడిగిన బాలుని తండ్రి బెల్లపు పెనమునొద్ద పాకము పదును చూచువాడు. పాకము చుక్కను నీటిలో వేసి వ్రేళ్లతో నొక్కి, ఇక దింపవచ్చునని చెప్పుట శాస్త్రము కాదని ఎవ్వరనగలరు? ఆ వ్రేళ్లకు అక్షరమును, అక్షరమునకు ఆ వ్రేళ్లను చేర్చుటయే విద్య.

మఱియు, పరమాణువు ముచ్చట చెప్పుకొనుచు ఇంటిలోని మనుష్యులను మఱువరాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత గలదు. దీనికి కారణములు పెక్కు గలవు గాని, ఇనుము చాలకపోవుట వానిలో ప్రధానము. ఇంటివారందఱు తినిన పిమ్మట మిగిలినది ఇల్లాలు తినవలెనను ఆచారము ఈ లెక్కలో ఎంత పాలు పంచుకొన్నదో చదువరులే తలపోయుదురు గాక. చేపలకూర మగవారి కంచములలో ముగిసి, ఆడపిల్లకు పులుసు మిగులుట మేము ఎఱుగని సంగతి కాదు. తరగతిలో మధ్యాహ్నమునకే తలవాల్చు బాలికను సోమరి యని కసరుటకు ముందు, ఆమె నెత్తురులో ఇనుమెంతయో అడుగవలసి యుండెనని మాకు ఆలస్యముగా బుద్ధి వచ్చినది. మేము కసరిన సందర్భములు గలవు. అవి తలంపునకు వచ్చినపుడు సిగ్గగును. పూడిమడకలో కోట్లు వెచ్చించి ఇనుమును నికెలును పని చేయించబోవు దేశమునకు, తన కూతుండ్ర నెత్తురులో చిటికెడు ఇనుమును నిలుపుట కష్టము కారాదు.

ఆ బాలునకు మేము ఇచ్చిన సమాధానము ఇది: "నాయనా, లోహము వంటయు అగును, వంటవాడును అగును. నీ దేహమంతటిలోని ఇనుము మూడు నాలుగు గ్రాములే. ఒక చిన్న మేకుకు సరిపోవును. అది లేనిదే నీవు ఊపిరి పీల్చలేవు." బాలుడు కొంతసేపు తన అరచేతిని చూచుకొని, "ఇది ఎవ్వరు కనిపెట్టినారు?" అని మరల అడిగెను. ఒక్కరు కాదు, ఒంటిచేతివాడొకడు, పొరపడినవాడొకడు, నదిలోని మురికిని పరీక్షించిన స్త్రీ యొకతె, భీమవరమువాడొకడు అని చెప్పితిమి. భీమవరమనగానే అతడు తలయెత్తి చూచెను. హైడ్రొజనేసునందలి ఇనుము మా పెనములోని ఇనుమే. దాని చుట్టు నమరిన పరిసరమే దానిచేత ప్లాటినపు పని చేయించుచున్నది. మా బడిలోని పిల్లలు ఏ లోహమని మేము విచారింపము. వారి చుట్టు మనమేమి అమర్చితిమన్నదే విచారింపదగినది. ఆ మఱుసటి దినముననే మా బడి బీరువా తాళపుచెవి కొఱకు వెదకనారంభించితిమి.